ఎలుక పొట్టలోని పురుగుకు పేరేమిటి?

ఏడాదికి ఒకరోజు వినాయకుడి వాహనమని దణ్ణం పెట్టి, తక్కిన మూడువందల అరవైనాలుగు రోజులూ బోను పెట్టి పట్టే జంతువు ఎలుక. మన ఇళ్ళలో దానికున్నంత అపకీర్తి మరే జీవానికీ లేదు. అయితే ఆ ఎలుక కూడా ఒక ఇల్లేననీ, దాని పొట్టలో, కార్జంలో, ఊపిరితిత్తుల్లో, చివరకు మూత్రాశయంలో సైతం అద్దె చెల్లించకుండా కాపురం చేసే జీవులున్నాయనీ ఎంతమందికి తెలుసు? ఆ కాపురస్థుల ఊరూ పేరూ కనిపెట్టి, ఎవరు ఏ వంశానికి చెందినవారో తేల్చడం ఒక శాస్త్రం. "ఎలుక పొట్టలో పురుగు పేరు తెలిస్తే మనకు ఒరిగేదేమిటండీ?" అని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేను మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకున్నవాణ్ణి. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో వుండి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసిన సీమ మాది. పడమటి దిక్కున నల్లమల, తూర్పు దిక్కున వెలిగొండలు, నడుమ గుండ్లకమ్మ నీటితో నిండే కంభం చెరువు. వాన తక్కువ, రాయి ఎక్కువ. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన పెద్దలు మన పాఠకుల్లో చాలామందే వుంటారు. ఆ పలకరాతి నేలల చుట్టూ కంది, సజ్జ, ఆముదం, వేరుశెనగ, పత్తి పండుతాయి. పంట వున్నచోట ఎలుక వుంటుంది. ఎలుక వున్నచోట పురుగు వుంటుంది.

మన ఎలుకల పేరు ప్రతిష్ఠలు

మన పొలాల్లో వున్నది ఒకే ఎలుక కాదు. గట్లను గుల్లచేసి, కంకులను కలుగులో దాచుకునే పందికొక్కు ఒకటి. ఇంగ్లీషువారి 'బాండికూట్' అన్న మాట మన పందికొక్కు నుంచే పుట్టింది. ఆ మాటే ఓడలెక్కి ఆస్ట్రేలియాకు పోయి, అక్కడ ఎలుకలతో చుట్టరికమే లేని, పొట్టకు సంచి వున్న వేరొక జంతువుకు అంటుకున్నది. తోక చివర కుచ్చు వుండి, వెనుక కాళ్ళ మీద గెంతే ఎర్రమట్టి రంగు ఎలుక మరొకటి. యానాదులు దాన్ని తెల్ల ఎలుక అంటారని పందొమ్మిదో శతాబ్దపు జంతుశాస్త్ర గ్రంథాలు రాశాయి.

ఇంకొకటి మెత్తని బొచ్చు గల పొలం ఎలుక. ఇంగ్లీషు ఉద్యోగి వాల్టర్ ఎలియట్ ధార్వాడ ప్రాంతంలో జంతువులను సేకరించినప్పుడు ఒడ్డెవారు దాన్ని 'మెత్తడ' అన్నారు. 1837లో లండను శాస్త్రజ్ఞుడు గ్రే దానికి లాటిను పేరు పెట్టేటప్పుడు ఆ మాట 'మెల్టాడా' అయి కూర్చుంది. ఈనాటికీ ప్రపంచమంతటా ఆ ఎలుక శాస్త్రీయ నామం 'మిల్లార్డియా మెల్టాడా'యే. మన ఒడ్డెవారి నోటిమాట అలా లోకమంతా తిరుగుతున్నది!

వీటికి తోడు ఉడుత, నల్లమలలో బెట్లుడుత, ఏదుపంది కూడా ఈ కొరికే వంశంలోనివే. కంపుకొట్టే చుంచును ఎలుక అనుకుంటాం గాని దాని వంశం వేరు.

ఎవరి గది వారిది

ఇక కాపురస్థుల సంగతి. ఎలుక శరీరంలో ఏ పురుగు ఏ గదిలో వుండాలన్నది చాలావరకు ఖాయం. జీర్ణాశయంలో సేమ్యా పోచల వంటి లావుపాటి గుండ్రని పురుగులు. చిన్నప్రేగులో నాడాలాంటి బద్దెపురుగులు. పెద్దప్రేగు మొదట్లో వుండే సంచిలో నులిపురుగులు, కొరడాపురుగులు. కార్జంలో వెంట్రుకలాంటి ఒక పురుగు వుంది. అది పెట్టిన గుడ్లు ఆ ఎలుకను మరొక జంతువు తినేదాకానో, ఎలుక చచ్చి కుళ్ళేదాకానో బయటికి రానే రావు. మూత్రాశయంలో వుండే పురుగు మరీ విచిత్రం. దానిలో మగది ఆడదాని గర్భాశయంలోనే కాపురం చేస్తుంది. ఇల్లరికమంటే అదీ!

చిన్నప్రేగులోనే ముళ్ళతలపురుగు కూడా వుంటుంది. దాని తలనిండా వెనక్కి వంగిన ముళ్ళుంటాయి. దాని పిల్ల బొద్దింకలో పెరుగుతుంది. ఆ బొద్దింకను తిన్న ఎలుకలో అది పెద్దదవుతుంది. మనిషిలోనూ పెరుగుతుందా అన్న సందేహం వచ్చి, ఇటలీలో కలాండ్రుచ్చో అనే శాస్త్రజ్ఞుడు ఆ పిల్లపురుగులను తానే మింగాడు. కొన్ని వారాలకు కడుపునొప్పితో పాటు పురుగు గుడ్లు కూడా బయటపడ్డాయి. గ్రాస్సీతో కలిసి 1888లో ఆ సంగతి ప్రకటించాడు. పాఠకులు దయచేసి ఇటువంటి పరీక్షలు చేయవద్దని మనవి.

పోల్చుకునే పద్ధతి

మన పల్లెల్లో గొర్రెల కాపరికి 'కార్జపు జలగ' తెలుసు. పిల్లల తల్లికి ఏలికపాము, నులిపురుగు తెలుసు. శాస్త్రజ్ఞుడు చేసేది అదే పని, కాస్త ఓపిక ఎక్కువ.

ముందుగా ఎలుక ఏ జాతిదో తేల్చాలి. తల నుంచి తోక మొదలు వరకు ఎంత, తోక ఎంత, పాదం ఎంత, చెవి ఎంత అని కొలవాలి. ఇల్లు తెలియకుండా కాపురస్థుణ్ణి నమోదు చేస్తే ఆ లెక్క పనికిరాదు. తరువాత చేతులకు తొడుగులు వేసుకుని, ఒక్కొక్క అవయవాన్ని విడివిడిగా ఉప్పునీటి గిన్నెల్లో తెరవాలి. ఆ ఉప్పు కూడా నూటికి తొమ్మిది పదోవంతుల పాలు మించకూడదు. మించితే పురుగు ముడుచుకుపోతుంది, మంచినీరైతే ఉబ్బి పగులుతుంది.

గుండ్రటి పురుగులను వేడి ఆల్కహాలులో వేస్తే నిటారుగా చాచుకుంటాయి. బద్దెపురుగులనైతే రెండు గాజుపలకల నడుమ పరిచి, కార్మైన్ అనే ఎర్రరంగు పట్టించి, నీరంతా తీసి, కెనడా బాల్సం అనే జిగురులో అతికించాలి. అప్పుడు సూక్ష్మదర్శిని కింద దాని లోపలి అవయవాలన్నీ ఎర్రని ముగ్గులా కనబడతాయి. తలమీద కొక్కేలున్నాయా, వుంటే ఎన్ని, ఎన్ని వరుసలు? ప్రతి ఖండంలో వృషణాలెన్ని? గుడ్డు పొడవెంత? ఈ ప్రశ్నల వెంట పోతుంటే ఒక్కొక్క వంశమే తప్పుకుని, చివరకు ఒక్క పేరు మిగులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం సీసాలో వేసే చీటీ. ఏ ఎలుక, ఏ వూరు, ఏ తేదీ, ఏ అవయవం, ఇవన్నీ పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయాలి. సిరా అయితే ఆల్కహాలులో కరిగిపోతుంది. చీటీ లేని సీసా పదేళ్ళు బీరువాలో వున్నా చెత్తకిందే లెక్క. నల్లమల అభయారణ్యంలోని బెట్లుడుత, ఏదుపంది వంటి వాటిని చంపడానికి చట్టం ఒప్పుకోదు. వాటి సంగతి తెలుసుకోవాలంటే అనుమతి తీసుకుని, రాలిన పెంటికలలో గుడ్లు వెతకడమే దారి.

కార్జంలో తెల్లబుడ్డ

కొమరోలు దాపున వేరుశెనగ పీకిన చేలల్లో ఎలుకలు పట్టే యానాది పెద్దాయన ఒకరుండేవారు. కలుగు నోరు చూసి లోపల ఎన్ని ఎలుకలున్నాయో చెప్పగల మనిషి. ఆయన ఒకనాడు ఎలుక కార్జం ఒకటి ఆకులో చుట్టి తెచ్చి నా ముందు పెట్టారు. దానిమీద బఠాణీగింజంత తెల్లబుడ్డలు రెండున్నాయి.

"అయ్యా, చిన్నప్పట్నుంచీ ఈ బుడ్డలు చూస్తా వుండా. ఇవి వుంటే కార్జం పారేస్తాం. మొన్న మా మనవడు చూసుకోకుండా కాల్చుకుని తినేశాడు. పిల్లోడికేమన్నా అవుద్దా అయ్యా?" అన్నారు. మాట మామూలుగానే వున్నా కళ్ళలో బెదురు కనబడుతూనే వుంది.

బుడ్డను సూదితో చీల్చాను. లోపల మడతలు మడతలుగా చుట్టుకున్న తెల్లని నాడా ఒకటి బయటపడింది. ఒక కొసన చిన్న నీటితిత్తి. మరొక కొసన తల. భూతద్దంలో చూస్తే తలమీద రెండు వరుసల కొక్కేలు స్పష్టంగా వున్నాయి. అంతటితో పేరు తేలిపోయింది. అది పిల్లి ప్రేగులో పెరిగే బద్దెపురుగు పిల్ల.

"ఇది పిల్లిది పెద్దాయనా, పిల్లోడిది కాదు. మనుషులకు అంటుకోవడం బహు అరుదు. అదీగాక నిప్పుల మీద బాగా కాలిన తరవాత ఇందులో ప్రాణం వుండదు" అన్నాను.

ఆయన ఊపిరి పీల్చుకుని, "అట్టయితే మా పిల్లికి పచ్చికార్జం వెయ్యకూడదన్నమాట!" అన్నారు. నేను రెండు గంటల పాఠంలో చెప్పే జీవితచక్రాన్ని ఆయన ఒక్కమాటలో తేల్చేశారు. పిల్లి పెంటిక ద్వారా గుడ్లు పొలంలో పడతాయి, ఎలుక వాటిని తింటుంది, ఆ ఎలుకను మళ్ళీ పిల్లి తింటుంది.

ఈ సంగతి ఐరోపా పండితులకు అంత సులువుగా బోధపడలేదు. పిల్లిలోని పురుగుకు 1786లో ఒక పేరు, ఎలుక కార్జంలోని బుడ్డకు 1808లో వేరొక పేరు పెట్టి, రెండూ వేర్వేరు జంతువులని నమ్మారు. 1850లలో జర్మనీలో కూషెన్‌మైస్టర్ మొదలైనవారు బుడ్డపురుగులను జంతువులకు తినిపించి, అవి ప్రేగులో బద్దెపురుగులవుతాయని చూపిన తరవాత గాని తల్లీబిడ్డలు ఒకటి కాలేదు. ఆ తరవాత కూడా దాని జాతకం కుదుటపడలేదు. 'టీనియా' వంశంలో చాలాకాలం వున్న దాన్ని, జన్యువులు పోల్చి చూసి 2013లో 'హైడాటిజెరా' అనే పాత వంశానికి మళ్ళీ మార్చారు. 2016లో దానిలోనే మరొక జాతి దాగి వున్నదని తేల్చారు.

బొరుగుల డబ్బా తీర్పు

పేరు తేలడం వల్ల ఒక పిల్ల మీది నింద పోయిన ఉదంతం చెబుతాను. మార్కాపురంలో ఒక ఉద్యోగి ఇంట మూడేళ్ళ పాపకు తరచు కడుపునొప్పి. పరీక్ష చేయిస్తే బద్దెపురుగు గుడ్లున్నాయని చీటీ వచ్చింది. అందులో వంశం పేరు మాత్రమే వుంది, జాతి పేరు లేదు. మరుగుజ్జు బద్దెపురుగు ఒక పిల్ల నుంచి ఇంకొక పిల్లకు నేరుగా అంటుతుందని ఎవరో చెప్పారు. ఇంకేం, అంట్లు తోమడానికి వచ్చే పదేళ్ళ పిల్లే దాన్ని తెచ్చిందని నిశ్చయించి, ఇల్లాలు ఆ పిల్లనూ, తల్లినీ పని మానిపించింది. ఆ ఇంటి జీతం మీదే ఆ తల్లీకూతుళ్ళ బతుకు.

ఇంటి యజమాని నాకు తెలిసినవాడు. "మాస్టారూ, ఒకసారి మీరు చూడండి" అని సీసా పట్టుకొచ్చాడు. మరుగుజ్జు పురుగు గుడ్డు దాదాపు 30 నుంచి 47 మైక్రానుల వరకే వుంటుంది. లోపలి పొరకు రెండు కొసలా సన్నని దారాలుంటాయి. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. సూక్ష్మదర్శినిలో కొలబద్ద పెట్టి కొలిస్తే ఈ గుడ్లు 70 మైక్రానులు దాటుతున్నాయి, దారాల జాడే లేదు. అది మరుగుజ్జు పురుగు కాదు, ఎలుక బద్దెపురుగు. దీని లాటిను పేరు 'డిమిన్యూటా', అంటే కురచది. కాని నిజానికి మరుగుజ్జు దానికన్నా ఇది ఎన్నో రెట్లు పొడుగు. పేర్లు పెట్టేవారికి కూడా హాస్యం తెలుసునేమో!

ఈ ఎలుక పురుగు మనిషి నుంచి మనిషికి అంటదు. ఎలుక పెంటికలను తిన్న పెంకుపురుగుల్లో దీని పిల్లలు పెరుగుతాయి. ఆ పెంకుపురుగును మింగితేనే మనకు సోకుతుంది. "పాప పచ్చిగా ఏం తింటుందమ్మా?" అని అడిగాను. "బొరుగులూ పుట్నాల పప్పూ మాస్టారూ, పొద్దస్తమానం అవే" అన్నది ఇల్లాలు. అటకమీది డబ్బా దించాం. మూత వదులు. పక్కనే ఎలుక పెంటికలు. బొరుగులను చేటలో పోస్తే ఎర్రని పెంకుపురుగులు బిలబిల పాకాయి.

ఆవిడ చాలాసేపు మాటాడలేదు. వైద్యుడు మందిచ్చాడు, పాపకు నయమైంది. ఆ సాయంత్రమే ఆవిడ స్వయంగా ఆ తల్లి ఇంటికి వెళ్ళి పిలుచుకు వచ్చింది. తల్లిని పనికి పెట్టుకుని, పిల్లను బడికి పంపే షరతు మీద. ముప్పై మైక్రానుల తేడా చెప్పిన తీర్పు అది.

పత్తి ఎలుకా, మన సుబ్బారావుగారూ

ఎలుక పురుగు పేరు వల్ల మానవజాతికే మేలు జరిగిన కథ మరొకటి వుంది. దానిలో మన తెలుగువాడి చెయ్యి వున్నది.

అమెరికాలో పత్తి ఎలుక అనే అడవి ఎలుక వుంది. దాని రొమ్ము గూటిలో, ఊపిరితిత్తుల చుట్టూ, దారాలవంటి ఫైలేరియా పురుగులుంటాయి. 1931లో టెక్సాసులో ఛాండ్లర్ అనే ఆచార్యుడు వాటిని వర్ణించి 'లిటోమోసాయిడిస్ సిగ్మోడాంటిస్' అన్నాడు. అప్పటికి అది ఎవరికీ అక్కరలేని పురుగు. కాని మన దేశంలో కోట్లమందిని పీడించిన బోదకాలు కూడా ఫైలేరియా పురుగు వల్లనే వస్తుంది. బోదకాలు పురుగును ప్రయోగశాలలో పెంచడం దుస్సాధ్యం. దానికి దగ్గర చుట్టమైన ఎలుక పురుగునైతే పెంచవచ్చు, మందులు ఇచ్చి చూడవచ్చు.

భీమవరంలో 1895లో పుట్టి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940లలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందంలో హెవిట్ మొదలైనవారు పత్తి ఎలుకల రక్తంలో పిల్లపురుగులను లెక్కపెడుతూ, ఒక్కొక్క రసాయనాన్నే పరీక్షించారు. ఆ పరీక్షల్లో నెగ్గినదే డైఇథైల్ కార్బమజీన్. హెట్రజాన్ అనే పేరుతో వచ్చిన ఆ మందు ఫలితాలు 1947లో వెలువడ్డాయి. మరుసటి ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఈనాటికీ బోదకాలు నివారణకు మన వూళ్ళలో ఇంటింటా మింగించే డి.ఇ.సి. మాత్ర అదే.

ఈ కథలోనూ పేరు చిక్కు లేకపోలేదు. బ్రెజిల్ ఉడుతలో అంతకుముందే, 1919లో, వర్ణించిన పురుగూ ఇదీ ఒకటేనని భ్రమపడి, దశాబ్దాల తరబడి పరిశోధకులు దీన్ని 'కారినీ' అనే పేరుతో పిలిచారు. 1980ల చివర మళ్ళీ నమూనాలు పోల్చి చూసి, పత్తి ఎలుక పురుగు వేరేననీ, ఛాండ్లర్ పెట్టిన పేరే సరైనదనీ ఒప్పుకున్నారు. ఆ పోలిక సాధ్యమైందంటే ఎవరో ఎప్పుడో సీసాలో వేసి, చీటీ రాసి, భద్రపరచినందువల్లనే.

ముందే పేరు తెలిసి వుండటం ప్రాణం నిలిపే పని కూడా. 1935లో చెన్ అనే చైనా శాస్త్రజ్ఞుడు కాంటన్ నగరపు ఎలుకల ఊపిరితిత్తుల్లో ఒక కొత్త పురుగును కనుగొన్నాడు. పదేళ్ళకు తైవానులో ఒక కుర్రవాడి వెన్నుద్రవంలో అది బయటపడింది. 1960ల మొదట్లో హవాయిలో ఒకరకం మెదడువాపుకు కారణం అదేనని తేలింది. దాని పిల్లలు నత్తల్లో పెరుగుతాయి. మన కేరళలో పచ్చి ఉడుము మాంసం తిన్నవారికి అటువంటి జబ్బు వచ్చినట్టు వైద్యులు నమోదు చేశారు. చెన్ వర్ణన లేకపోతే ఆ రోగుల్లో కనిపించిన పురుగు ఎక్కడిదో తెలుసుకోవడానికి ఇంకెన్నాళ్ళు పట్టేదో!

మనం చేయదగినవి

మా ప్రాంతపు కళాశాలల విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే. కొత్త జంతువును చూడాలంటే సముద్రాలు దాటనక్కరలేదు. కంభం చెరువు కట్ట కింది పొలంలో, దిగువమెట్ట అడవి అంచున తిరిగే ఎలుకలో చూడవలసింది చాలా వుంది. కావలసినది గురువు పర్యవేక్షణ, ఒక సూక్ష్మదర్శిని, పెన్సిలు చీటీ, ఓర్పు. నమూనాలను కలకత్తాలో 1916 నుంచి వున్న భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ వంటి చోట భద్రపరిస్తే, మన మనవళ్ళు కూడా వాటిని తీసి చూసుకోవచ్చు.

గృహిణులకు మాత్రం ఇంత శ్రమ అక్కరలేదు. చచ్చిన ఎలుకను వట్టి చేత్తో ముట్టుకోవద్దు. పిల్లికి పచ్చి కార్జం వేయవద్దు. పురుగు మందు ఇచ్చేముందు ఏ పురుగో తేల్చమని వైద్యుణ్ణి అడగండి. గింజలూ పిండీ బిగుతు మూత డబ్బాల్లో పోయండి. ఈ ఆదివారం తీరిక చేసుకుని, అటకమీది బొరుగుల డబ్బా ఒకసారి దించి చూడండి.